నేపాల్ ఆశ్రమంలో మూడు వారాల సేవ: మా అమ్మాయిని పంపమంటారా?

కోస్తా జిల్లాల నుంచి ఒక తల్లి పొడవాటి ఉత్తరం రాశారు. పేరు, ఊరు వద్దన్నారు. సారాంశం ఇది.

వాళ్ళ అమ్మాయికి 17 ఏళ్ళు. ఇంటర్ ఎంపీసీ మొదటి ఏడాది పరీక్షలు ఇప్పుడే అయ్యాయి. చదువుకు లోటు లేదు. "కానీ నలుగురిలో నోరు విప్పదండీ. బ్యాంకులో ఫారం నింపమంటే నా మొహం చూస్తుంది. ఆటో అతనికి అడ్రసు చెప్పాలన్నా నాకు ఫోన్ చేసి, ఆ ఫోన్ అతని చేతికిస్తుంది" అని రాశారు. సంక్రాంతి తర్వాత ఒక సంస్థ వాళ్ళు కాలేజీకి వచ్చి సెమినార్ పెట్టారు. మే నెలలో మూడు వారాలు నేపాల్‌లో, ఖాట్మండు దగ్గర ఒక పిల్లల ఆశ్రమంలో ఉండి ఇంగ్లీషు, డ్రాయింగ్ నేర్పాలి. శని, ఆదివారాలు పోఖరా వగైరా చూపిస్తారు. చివర్లో సర్టిఫికెట్. మొత్తం ఫీజు 1,85,000 రూపాయలు. ఆ సెమినార్ నుంచి ఇంటికొచ్చిన రాత్రి అమ్మాయి అన్నం తింటూ అరగంట సేపు ఆగకుండా మాట్లాడిందట. "అది అంతసేపు మాట్లాడగా విని ఎన్నేళ్ళయిందో."

భర్తకు ఎలక్ట్రికల్ షాపు ఉంది. ఆయన ఒప్పుకోలేదు. ఆ డబ్బు ఎంసెట్ కోచింగ్‌కి కట్టొచ్చు కదా, సేవే చెయ్యాలంటే మన వీధిలో చెయ్యడానికేం లేదా అన్నారు. పెళ్ళి కావాల్సిన పిల్లని దేశం దాటిస్తారా అని అత్తగారు. ఈ తల్లి మాత్రం ఎవరికీ చెప్పకుండా చిట్టీ డబ్బులోంచి 25,000 అడ్వాన్స్ కట్టేశారు. అమ్మాయికి ఆ సంగతి తెలుసు. నాన్నకి ఇప్పుడే చెప్పకు అని అమ్మాయితో ఈవిడే అన్నారట. రెండో వాయిదాకి ఇంకా మూడు వారాలు గడువుంది.

చివర్లో ఒక మాట చేర్చారు. ఆవిడ డిగ్రీ చదివే రోజుల్లో ఎన్‌సీసీలో ఉన్నారు, ఢిల్లీ రిపబ్లిక్ డే క్యాంపుకి ఎంపికయ్యారు. వాళ్ళ నాన్నగారు వద్దన్నారు. "నాకు జరిగింది దానికి జరక్కూడదు. పంపమంటారా? ఆయన్ని ఎలా ఒప్పించాలి? ఈ ట్రిప్‌తో పిల్ల నిజంగా మారుతుందా?"

అమ్మా,

మీరు పంపిన బ్రోచర్, దరఖాస్తు రెండూ చదివాను. దరఖాస్తులో టీషర్టు సైజు అడిగారు. వెజ్జా, నాన్‌వెజ్జా అని అడిగారు. ఎన్ని వాయిదాల్లో కడతారో అడిగారు. మీ అమ్మాయి ఎప్పుడైనా ఎవరికైనా పాఠం చెప్పిందా, చిన్నపిల్లలతో మెలిగిన అలవాటు ఉందా, హిందీ అయినా వచ్చా అని ఎక్కడా అడగలేదు. తన గురించి చెప్పగల టీచర్ ఒకరి పేరు రాయమని కూడా లేదు. కన్నవాళ్ళు దగ్గర లేని పిల్లలు పడుకునే చోటికి కొత్త మనిషిని పంపుతూ ఇవేవీ అడగలేదంటే, ఆ పిల్లల గురించి వీళ్ళకి ఎంత పట్టింపుందో తెలుస్తూనే ఉంది. వాళ్ళని పట్టించుకోనివాళ్ళు మీ పిల్లని మాత్రం పట్టించుకుంటారా?

ఇంకొకటి. ఫీజు వివరాల్లో 'వీసా, డాక్యుమెంటేషన్' అని 18,000 వేశారు. నేపాల్ వెళ్ళడానికి మనకి వీసా అక్కర్లేదు. విమానంలో వెళితే పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ చూపిస్తే చాలు. 15 నుంచి 18 ఏళ్ళ మధ్య పిల్లలకైతే ప్రిన్సిపాల్ ఇచ్చే గుర్తింపు పత్రం కూడా చెల్లుతుంది. మరి ఆ 18,000 దేనికో వాళ్ళనే అడగండి. ఏం చెబుతారో వినాలని నాకూ ఉంది.

మీరు అడిగిన మూడు ప్రశ్నల్లో ఆ ఆశ్రమం గురించి ఒక్కటీ లేదు. నేను దానితోనే మొదలుపెడతాను, ఎందుకంటే మిగతా వాటిలో మీ ఇష్టం, మీ ఇంటి వీలు ఉన్నాయి. ఇందులో నాకు ఒకటే అభిప్రాయం ఉంది, దాచను.

నేపాల్‌లో 1996 నుంచి 2006 దాకా అంతర్యుద్ధం నడిచింది. ఆ రోజుల్లో హుమ్లా లాంటి మారుమూల కొండ జిల్లాలకి దళారులు వెళ్ళేవాళ్ళు. మీ పిల్లల్ని పట్నంలో పెట్టి చదివిస్తాం, గొడవలకి దూరంగా ఉంటారు అని చెప్పి, తల్లిదండ్రుల దగ్గరే డబ్బు తీసుకుని పిల్లల్ని వెంటబెట్టుకెళ్ళేవాళ్ళు. అమ్మానాన్నలు ఊళ్ళో బతికే ఉన్నారు, పిల్లలు మాత్రం కాగితాల మీద అనాథలైపోయారు. యుద్ధం ఆగినా ఆ వ్యాపారం ఆగలేదు. నేపాల్‌లో ఆశ్రమాలు పేదరికం ఎక్కువున్న జిల్లాల్లో ఉండాలి కదా? ఎక్కువ భాగం ఖాట్మండు లోయలోనూ, పోఖరా, చిత్వాన్ లాంటి పర్యాటకులు తిరిగే చోట్లలోనూ ఉన్నాయి. చూడ్డానికి వచ్చేవాళ్ళు, నాలుగు రోజులు ఉండి సేవ చేస్తామనేవాళ్ళు, వెళ్ళేటప్పుడు చందా ఇచ్చేవాళ్ళు దొరికేది అక్కడే. 2015 ఏప్రిల్ 25 భూకంపం తర్వాత, సాయం పేరుతో పిల్లల్ని తరలించేస్తారన్న భయంతో, అక్కడి ప్రభుత్వం కొత్త ఆశ్రమాల రిజిస్ట్రేషన్లు ఆపేసింది. తల్లిదండ్రులు లేకుండా పిల్లలు ప్రయాణం చెయ్యడం మీదా ఆంక్షలు పెట్టింది.

ఇది ఒక్క నేపాల్ గొడవే అనుకోకండి. కంబోడియాలోనూ ఇదే కథ. అక్కడి పిల్లల సంస్థలు 2011లో, పిల్లలు టూరిస్టులు చూసిపోయే వస్తువులు కారంటూ పెద్ద ప్రచారమే మొదలుపెట్టాల్సి వచ్చింది. ఆస్ట్రేలియా 2018లో ఆధునిక బానిసత్వం మీద చట్టం చేసినప్పుడు, ఆశ్రమాలు నింపడానికి పిల్లల్ని తరలించడం కూడా ఆ చర్చలోకి వచ్చింది. 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీ, ఆశ్రమాల్లో వాలంటీరింగ్ పేరుతో జరిగే ఈ తంతు వల్ల పిల్లలకి హాని ఉందని తీర్మానంలోనే రాసింది. ప్రపంచం మొత్తం మీద ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి అమ్మో నాన్నో బతికే ఉన్నారని ఈ రంగంలో పనిచేసేవాళ్ళు ఎన్నాళ్ళుగానో చెబుతున్నారు.

మీరు చెప్పిన ఆశ్రమం అలాంటిదే అని నేను అనడం లేదు. చక్కగా నడిచేవీ ఉంటాయి. అయితే చక్కగా నడిచేవాళ్ళు మూడు వారాల అతిథుల్ని పిల్లల గదుల్లోకి రానివ్వరు. ఎందుకో చెప్తాను. బ్రోచర్ రెండో పేజీలో ఫొటో చూశారుగా, ఐదేళ్ళ పాప ఒకతె ఎవరో అక్క మెడ చుట్టూ చేతులు వేసి వేలాడుతోంది. మనకి ముచ్చటేస్తుంది. మీ అమ్మాయి ఐదేళ్ళప్పుడు ఇంటికి కొత్త మనిషి వస్తే ఏం చేసేది? మీ చీర కుచ్చిళ్ళు పట్టుకుని వెనక దాక్కునేది. పిల్లలు ఉండాల్సింది అలా. వచ్చినవాళ్ళ ఒళ్ళోకల్లా ఎక్కేస్తుందంటే, ఆ పాపకి ఎవరూ స్థిరంగా లేరని అర్థం. మే నెలలో మీ అమ్మాయి వెళ్ళి ప్రేమగా జడ వేస్తుంది. మూడో వారానికి ఆ పాప 'దీదీ' అంటూ వెనకే తిరుగుతుంది. తర్వాత మీ అమ్మాయి విమానం ఎక్కుతుంది. జూన్‌లో ఇంకో దీదీ. అమ్మ దగ్గర ఉండాల్సిన పిల్లకి ఏడాదికి ఎంతమంది దూరమవుతారో లెక్క వేసుకోండి. మీ అమ్మాయి మనసు మంచిదే కావచ్చు, కానీ ఆ పాపకి తగిలే దెబ్బ దానివల్ల తగ్గదు.

అందుకని పిల్లల ఆశ్రమం వద్దు. ఇక్కడికి నా పట్టు అయిపోయింది. మిగతాదంతా కలిసి ఆలోచిద్దాం.

పిల్ల మారుతుందా అని అడిగారు. మారొచ్చు. 17 ఏళ్ళప్పుడు ఇల్లు వదిలి మూడు వారాలుంటే ఎవరైనా ఎంతో కొంత మారతారు, హాస్టల్లో ఉన్నా సరే. అయితే బ్రోచర్‌లో ఇచ్చిన రోజువారీ కార్యక్రమం ఒకసారి చదవండి. పొద్దున్న వ్యాన్‌లో తీసుకెళ్తారు, సాయంత్రం వ్యాన్‌లో తీసుకొస్తారు. పక్కన 14 మంది మన పిల్లలే. గ్రూప్ లీడర్ తెలుగాయన. భోజనం 'భారతీయ వంటకాలే' అని నక్షత్రం గుర్తు పెట్టి మరీ రాశారు. ఆటో అతనికి అడ్రసు చెప్పాల్సిన అవసరం ఈ మూడు వారాల్లో మీ అమ్మాయికి ఒక్కసారి కూడా రాదు. మీరు ఇక్కడ చేసిపెడుతున్న పనులన్నీ అక్కడ గ్రూప్ లీడర్ చేసిపెడతాడు, అంతే.

ఇలా విదేశాలకి వెళ్ళి సేవ చెయ్యడం అన్నది మొదలైనప్పుడు ఇంత సుఖంగా లేదు. బ్రిటన్‌లో 1958లో వీఎస్‌ఓ అనే సంస్థ పెట్టినప్పుడు స్కూలు ముగించిన 18 ఏళ్ళ కుర్రాళ్ళనే పంపేవాళ్ళు, అదీ ఏడాది పాటు, సరవాక్ లాంటి దూర ప్రాంతాలకి. ఏడాది అంటే అక్కడి భాష కొంత అబ్బుతుంది, జ్వరం వస్తుంది, ఇల్లు గుర్తొచ్చి ఏడుపొస్తుంది, వానాకాలం గడుస్తుంది, చేసిన తప్పు దిద్దుకోడానికి టైముంటుంది. తర్వాత్తర్వాత ఆ సంస్థే, పని తెలిసిన పెద్దవాళ్ళు వెళితేనే అక్కడి జనానికి ఉపయోగమని డాక్టర్లు, టీచర్లు లాంటి వాళ్ళ వైపు మళ్ళింది.

అదే 1958లో మన పక్కనే శ్రీలంకలో ఇంకో పని జరిగింది. కొలంబో నలందా కాలేజీలో సైన్సు మాస్టారు ఏ.టి. అరియరత్నే తన విద్యార్థుల్ని కనతొలువ అనే పల్లెకి తీసుకెళ్ళారు. అంటరానివాళ్ళుగా చూసే జనం ఉండే ఊరది. పట్నం పిల్లలు వాళ్ళ మధ్యే ఉన్నారు, వాళ్ళతో కలిసి తిన్నారు, ఊరివాళ్ళు చూపించిన పని ఊరివాళ్ళతో కలిసి చేశారు. అందులోంచే సర్వోదయ శ్రమదాన ఉద్యమం పుట్టి దేశమంతా పాకింది. ఆ పిల్లలు దాటింది సొంత దేశంలోని కొన్ని మైళ్ళే. అంతకుముందు వాళ్ళ ఇళ్ళల్లో ఎవరూ దాటని గీతని దాటారు. మీవారు "మన వీధిలో లేదా" అన్నమాట కోపంలో అన్నదే అయినా, అందులో విషయం లేకపోలేదు. నిజంగానే ఉంది. అయితే ఆయన అది చూపించి ఊరుకుంటే సరిపోదు, పిల్లని వెళ్ళనివ్వాలి కూడా.

మీరు ఇంకా చెయ్యని పని ఒకటుంది. ఆ రాత్రి అన్నం తింటూ అరగంట మాట్లాడింది కదా, అసలు దేని గురించి మాట్లాడింది? మీ ఉత్తరంలో అది లేదు. అంతసేపు మాట్లాడిందన్న సంతోషంలో మీరు ఏం మాట్లాడిందో వదిలేశారు. అడగండి. హిమాలయాల గురించా? ఆ చిన్నపిల్లల గురించా? ఫ్రెండ్స్‌తో కలిసి వెళ్ళడం గురించా? ఎంసెట్ పుస్తకాలు లేని మూడు వారాల గురించా? సెమినార్‌లో మాట్లాడిన అమ్మాయి ధైర్యం చూసి తనూ అలా ఉండాలనిపించిందా? ఒక్కో దానికి ఒక్కో దారి ఉంది. కొండలు చూడాలనుకుంటున్న పిల్లని అనాథాశ్రమంలో కూర్చోబెడితే ఆమెకీ సుఖం లేదు, ఆ పిల్లలకీ సుఖం లేదు.

కొండలే అయితే, మీ ముగ్గురూ నేపాల్ వెళ్ళి రండి. నవ్వకండి, నిజంగానే అంటున్నాను. సేవ అనే ముసుగు లేకుండా టూరిస్టుల్లా వెళ్ళి, వాళ్ళ హోటల్లో డబ్బిచ్చి తిని, వాళ్ళ బస్సెక్కి తిరిగి రావడం తప్పేం కాదు, ఆ దేశానికి అది ఆదాయం. ఒకటే షరతు పెట్టుకోండి: టికెట్లు, హోటళ్ళు, బస్సులు, బేరాలు మొత్తం అమ్మాయి చూసుకోవాలి. హిందీ చాలావరకు నడిచిపోతుంది. రిసెప్షన్‌లో "మాకు చెప్పిన గది ఇది కాదు" అని ఆమే అనాలి. మీరు పక్కన నిలబడి నోరు కుట్టేసుకోవాలి. మీకు అదే కష్టం. ఇందులో సర్టిఫికెట్ రాదు, షాపు వారం రోజులు మూసుకోవాలి, అత్తగారిని ఎవరి దగ్గర ఉంచాలో చూసుకోవాలి. మీవారు ఒప్పుకోవడం కొంచెం సులువు, ఎందుకంటే తనూ వస్తారు.

చిన్నపిల్లలకి ఏదైనా చెయ్యాలన్న కోరికే అయితే, లేదా ఎవరికైనా పనికిరావాలన్న ఆరాటమే అయితే, ఈ వయసులో మీ అమ్మాయి నిజంగా చెయ్యగల పని ఒకటి నాకు తెలుసు. చూపులేని విద్యార్థులకి పరీక్షల్లో స్క్రైబ్‌గా, అంటే వాళ్ళు చెబుతుంటే రాసిపెట్టే మనిషిగా ఉండడం. మామూలుగా స్క్రైబ్ చదువు పరీక్ష రాసేవాళ్ళ చదువు కన్నా తక్కువ ఉండాలని నియమం పెడతారు, కాబట్టి ఇంటర్ పిల్ల డిగ్రీ విద్యార్థికి రాయొచ్చు. సెమిస్టర్ పరీక్షలప్పుడు మనుషులు దొరక్క ఆ పిల్లలు పడే టెన్షన్ అంతా ఇంతా కాదు. వేసవిలో డిగ్రీ పరీక్షలుంటాయి. దగ్గర్లో అంధ విద్యార్థుల హాస్టల్ ఉంటే, లేదా ఏ డిగ్రీ కాలేజీలో అడిగినా దారి చెబుతారు.

ఆ పని ఎలా ఉంటుందో చెప్తాను. గంటకి 20 నిమిషాల చొప్పున అదనపు సమయం ఇస్తారు, అంటే మూడు గంటల పేపరు నాలుగు గంటలవుతుంది. విడిగా ఒక గదిలో కూర్చోబెడతారు. మీ అమ్మాయి ప్రశ్నపత్రం గట్టిగా చదవాలి. అవతలి మనిషి చెప్పింది చెప్పినట్టు రాయాలి, తనకి తెలిసింది కలపకూడదు. అర్థం కాకపోతే "అన్నా, మళ్ళీ చెప్పండి" అని అడగాలి. రాసింది చదివి వినిపించాలి. టైమ్ ఎంతైందో చెబుతుండాలి. ఇన్విజిలేటర్ వచ్చి ఏదో అభ్యంతరం పెడితే సమాధానం చెప్పాలి. తను నోరు విప్పకపోతే అవతలి మనిషి పరీక్ష ఆగిపోతుంది. బిడియస్థురాలైన పిల్లకి ఇంతకన్నా మంచి బడి నాకు తట్టడం లేదు. ఆ గదిలో అమ్మకి ఫోన్ చెయ్యడానికీ లేదు, లోపలికి ఫోనే రానివ్వరు. ఫొటో కూడా ఉండదు, అది వేరే సంగతి.

ఇందులో చిక్కులూ ఉన్నాయి. ఒప్పుకున్నాక పరీక్ష రోజు పొద్దున్న తలనొప్పి అని మానేస్తే ఒక మనిషి సబ్జెక్టు పోతుంది. చేతిరాత, వేగం, డిగ్రీ సబ్జెక్టుల పదాలు ముందే కలిసి ప్రాక్టీస్ చెయ్యాలి. మొదటిసారి భయంతో ఏడ్చినా ఏడుస్తుంది. మీరు వెళ్ళి కాలేజీ గేటు దగ్గర కూర్చోకండి.

ఇక్కడే ఒక విసుగు వెళ్ళగక్కుతాను. ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) 1969 నుంచి ఉంది. రెండేళ్ళలో 240 గంటల పని, ఒక పల్లెలో వారం రోజుల క్యాంపు, పైసా ఫీజు లేదు. ఇంటర్ స్థాయిలోనూ పెట్టొచ్చు. మీ అమ్మాయి చదివే తరహా కార్పొరేట్ కాలేజీల్లో ఆటస్థలమే ఉండదు, ఇక ఎన్‌ఎస్‌ఎస్ ఎక్కడ! పిల్లల్ని రెండేళ్ళు నాలుగు గోడల మధ్య పెట్టి, వ్యక్తిత్వ వికాసానికి లక్షా ఎనభై అయిదు వేలని సెమినార్ పెట్టించేదీ వాళ్ళే.

కాదు, వేరే దేశంలోనే, వేరే మనుషుల మధ్యే ఉండాలని ఆమె గట్టిగా అనుకుంటుంటే, దానికీ మార్గాలున్నాయి. పేరున్న చాలా కార్యక్రమాలు 18 నిండనివాళ్ళని తీసుకోవు. ఐక్యరాజ్యసమితి వాలంటీర్లకైనా, అమెరికా వాళ్ళ పీస్ కోర్‌కైనా కనీస వయసు 18. మీ సంస్థ 15 ఏళ్ళ నుంచి తీసుకుంటామనడం ఉదారం కాదు. ఒక ఏడాది ఆగితే సర్వీస్ సివిల్ ఇంటర్నేషనల్ లాంటి పాత సంస్థల వర్క్‌క్యాంపులు ఉన్నాయి. పియర్ సెరెసోల్ అనే స్విట్జర్లాండ్ ఆయన 1920లో, మొదటి ప్రపంచ యుద్ధంలో నేలమట్టమైన ఫ్రెంచి పల్లెని తిరిగి కట్టడానికి మొన్నటి శత్రుదేశాల మనుషుల్ని వెంటబెట్టుకెళ్ళి మొదలుపెట్టాడు దీన్ని. 1934 బీహార్ భూకంపం తర్వాత మన దేశానికీ వచ్చి ఇళ్ళు కట్టారు. ఈ క్యాంపుల్లో రెండు మూడు వారాలు వేర్వేరు దేశాల వాళ్ళు కలిసి ఉంటారు, వంతులవారీగా వండుకుంటారు, గిన్నెలు తోముకుంటారు, తోట పనో మరమ్మతు పనో చేస్తారు. ఫీజు తక్కువ, రానుపోను ఖర్చు మాత్రం మనదే. పని చిన్నదే, కానీ ఎవరినీ ఉద్ధరిస్తున్నామన్న బడాయి ఉండదు.

ఆగలేనంటే, స్కూలు వయసు పిల్లల కోసం ఏఎఫ్‌ఎస్ లాంటి ఎక్స్ఛేంజ్ కార్యక్రమాలు ఉన్నాయి. వేరే దేశంలో ఒక కుటుంబంతో ఉండి అక్కడి బడికి వెళ్ళడం. అది సేవ కాదు, ఖర్చు కూడా గట్టిదే, రెండో ఏడాది ఇంటర్‌తో ఎలా పొసగుతుందో చూసుకోవాలి. ఒక పరాయి ఇంట్లో, వాళ్ళ భాషలో, వాళ్ళమ్మని "నాకు ఇది తినడం కష్టంగా ఉంది" అని అడగాల్సి రావడం మాత్రం పిల్లల్ని బాగా గట్టిపరుస్తుంది.

ఇదే సంస్థతో ఇంకా మాట్లాడి చూడాలని మీకు ఉంటే అదీ ఒక దారే. పిల్లల ఆశ్రమం బదులు వేరే పని ఇస్తారా అని అడగండి. ఆ పని మేం రాకముందు ఎవరు చేసేవాళ్ళు, మేం వచ్చాక ఎవరు చేస్తారు? అక్కడి స్కూళ్ళు వైశాఖంలో కొత్త తరగతులు మొదలుపెడతాయి కదా, మే నెలలో టీచర్లు ఉండగా మా పిల్లతో పనేంటి? రాత్రి ఉండే చోట ఆడపిల్లలకి బాధ్యులెవరు, ఆడమనిషేనా? జబ్బు చేస్తే ఏ ఆసుపత్రి, ఇన్సూరెన్స్ కాగితం ఏది? పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంటుంది? మా 1,85,000లో ఆ ఊరికి చేరేది ఎంత? వీటికి లెక్కగా జవాబులు వస్తే మీవారి ముందు పెట్టి ముగ్గురూ ఆలోచించండి. "సీట్లు అయిపోతున్నాయి మేడమ్" అన్నదే జవాబైతే మీకు తేల్చుకోవడం సులువవుతుంది. ఏమీ మార్చకుండా ఇదే ట్రిప్‌కి పంపాలనుకుంటే, ఆ నిర్ణయం మీది. అమ్మాయి ఫొటోలతో, కొంచెం ధైర్యంతో తిరిగి రావచ్చు. మూడు నాలుగేళ్ళ తర్వాత ఈ ఆశ్రమాల సంగతి తనే ఎక్కడో చదివి, ఆ ఫొటోలు చూసుకోలేకపోవచ్చు కూడా.

సర్టిఫికెట్ రేపు అమెరికా చదువుకి పనికొస్తుందని సెమినార్‌లో అన్నారని రాశారు. బీటెక్ తర్వాత ఎంఎస్‌కి వెళ్ళేటప్పుడు 17 ఏళ్ళప్పటి మూడు వారాలని ఎవరూ పట్టించుకోరు. ఇంటర్ అవగానే డిగ్రీకి వెళ్ళినా, డబ్బు కట్టి వెళ్ళే ట్రిప్పుల సంగతి అడ్మిషన్ల వాళ్ళకి తెలియనిది కాదు. 2016లో హార్వర్డ్ విద్యా విభాగం నుంచి వచ్చిన ఒక నివేదిక, దూరదేశాల్లో ఆర్భాటంగా చేసే సేవ కన్నా కనీసం ఏడాది నిలకడగా చేసిన పనికే విలువివ్వాలని కాలేజీలకి సూచించింది. ఆ లెక్కన చూసినా స్క్రైబ్ పనే గెలుస్తుంది, దాని కోసం చెయ్యమని నేను చెప్పకపోయినా.

ఇప్పుడు మీ ఢిల్లీ సంగతి. రిపబ్లిక్ డే క్యాంపుకి ఎంపికవడం సామాన్యం కాదు, ఆ కవాతు మీ చేతికందాక జారిపోయింది. ఆ బాధ ఇన్నేళ్ళైనా పచ్చిగా ఉందని ఉత్తరంలోనే తెలుస్తోంది. కానీ రెండింటికీ తేడా ఉంది కదమ్మా. ఆ క్యాంపు మీరు కవాతు చేసి, పోటీపడి, సంపాదించుకున్నది. ఇది కట్టినవాళ్ళందరికీ దొరికేది. మీ నాన్నగారు వద్దన్నది మీ కష్టార్జితాన్ని. మీవారు వద్దంటున్నది ఒక బిల్లుని. ఇద్దరినీ ఒకే గాటన కట్టి చూస్తున్నంతకాలం, ఆయన చెప్పేదాంట్లో సబబైన మాట ఉన్నా మీకు వినపడదు. మీకు ఇంకా ఎక్కడికైనా వెళ్ళాలని ఉంటే మీరే వెళ్ళండి. వయసు అడ్డం కాదు. అమ్మాయి చేత వెళ్ళించక్కర్లేదు.

25,000 సంగతి చివరికి ఉంచాను. ఎలా ఒప్పించాలి అన్నారు. ముందు చెప్పాలి, ఒప్పించడం తర్వాత. చెప్పకుండా రద్దు చేసుకుని, డబ్బు వెనక్కి తెచ్చుకుని, ఏమీ జరగనట్టు ఉండొచ్చని మీకు అనిపించి ఉంటుంది. వీలవుతుంది కూడా. అయితే ఆ రహస్యంలో మీ అమ్మాయికి వాటా ఉంది. నాన్న ఒప్పుకోనిది నాన్నకి తెలియకుండా చేసుకోవచ్చని ఆమె మీ దగ్గర నేర్చుకుంది. పైగా ఇది నోరు విప్పి అడగలేని పిల్ల. ఎదురుగా నిలబడి "నాన్నా, నాకు వెళ్ళాలని ఉంది, ఎందుకంటే ఇందుకు" అని చెప్పే అవకాశం ఆమెకి ఇప్పుడు వచ్చింది, మీరు అడ్డం వచ్చి ఆ పని తప్పించారు. చెబితే ఆయనకి కోపం వస్తుంది. రెండు రోజులు మాట్లాడకపోవచ్చు, అత్తగారికి మాట దొరుకుతుంది. అయినా మీరే చెప్పడం మేలు, బ్యాంకు మెసేజ్ ద్వారానో ఆ సంస్థ ఫోన్ కాల్ ద్వారానో తెలిసేకన్నా. షాపులో బేరం ఉన్న టైములో వద్దు. ఆదివారం మధ్యాహ్నం, అత్తగారు పడుకున్నాక, ముగ్గురూ కూర్చోండి. అడ్వాన్స్ సంగతి మీరు చెప్పండి, అమ్మాయి చేత చెప్పించకండి. తర్వాత తనకేం కావాలో అమ్మాయి చెప్పాలి, అక్కడ మీరు మాట అందించకండి. నత్తినత్తిగా చెప్పినా పూర్తవనివ్వండి. ఆ షాపాయన రోజూ పదిమంది కస్టమర్ల సణుగుడు ఓపిగ్గా వినే మనిషే కదా, కూతురిది వింటారు.

డబ్బు వెనక్కి అడిగేటప్పుడు ఫోన్‌లో కాకుండా రాతలో అడగండి, మెయిల్ అయినా వాట్సాప్ అయినా. రద్దు నిబంధనలు ఏమిటి, వీసా పేరుతో వేసిన 18,000 దేనికి, రెండూ అందులోనే అడగండి. రసీదు, బ్రోచర్, వాళ్ళతో జరిగిన చాటింగ్ దాచండి. మొత్తం రాకపోవచ్చు, దానికి సిద్ధపడే ఉండండి. అసలు పలక్కపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడేవాళ్ళు ఉంటారు. ఆ ఫోన్ మీరు చెయ్యకండి, అమ్మాయికివ్వండి.